స్టెరాయిడ్ మొదలవకముందే పురుగు సంగతి తేల్చుకోండి

"అక్కా, ఈ ప్లేటు పాడైపోయింది. పారేసి మళ్లీ వెయ్యనా?" అంది మా జూనియర్.

కఫం శాంపిల్ వేసిన బ్లడ్ అగార్ ప్లేటు అది, అంటే బాక్టీరియాను పెంచడానికి రక్తం కలిపిన జెల్లీ పోసిన పళ్లెం. ముందు రోజు నేనే గీశాను. శాంపిల్‌ను మేం లూప్‌తో (సన్నటి తీగ ఉంగరంతో) గీసే గీతలు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటాయి, మొదట్లో దగ్గరదగ్గరగా, పోనుపోను పలచగా. ఆ ప్లేటులో మాత్రం నా గీతలను దాటుకుని, ఖాళీగా ఉండాల్సిన చోట, సన్నటి చుక్కల వరసలు వంకరటింకరగా అంచు దాకా పోయాయి. సిరాలో పడిలేచిన చీమ కాగితం మీద పాకినట్టుంది. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఒక వరస చివర పురుగు పిల్ల ఇంకా మెలికలు తిరుగుతోంది. పాకినంత మేరా అది ఒంటికంటిన బాక్టీరియాను రాల్చుకుంటూ పోయింది. రాలిన చోటల్లా తెల్లారేసరికి ఒక్కో చుక్క మొలిచింది.

ఆ కఫం ఇచ్చిన మనిషికి కిడ్నీ మార్పిడి జరిగి పది వారాలైంది. దగ్గు, ఆయాసం, కడుపుబ్బరం. పాత ఫైలు తెప్పించి చూశాం. ఆపరేషన్‌కు ముందు మలం పరీక్ష ఒకే ఒక్కసారి జరిగింది. "పరాన్నజీవులు కనిపించలేదు" అని రిపోర్టు, కింద సంతకం నాది. ఆ శాంపిల్ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండి వచ్చిందని రిజిస్టర్‌లో ఉంది. ఆ రాత కూడా నాదే. అయిదు వారాలు ఐసీయూలో ఉన్నాక మనిషి దక్కాడు. కిడ్నీ దక్కలేదు.

నేను డాక్టర్ని కాదు. ఇరవై రెండేళ్లుగా ల్యాబ్‌లో పరాన్నజీవుల బల్ల దగ్గర పనిచేస్తున్న టెక్నీషియన్ని. ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు అన్నది మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరే తేల్చాలి. పురుగు ఎక్కడ దాక్కుంటుందో, శాంపిల్ ఎలా ఇస్తే దొరుకుతుందో, రిపోర్టులో ఏ మాటను ఎంతవరకు నమ్మాలో మాత్రం నేను చెప్పగలను. అవయవ మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, అయిపోయినవాళ్లు, అవయవం ఇవ్వబోతున్నవాళ్లు, వీళ్లను చూసుకునే ఇంట్లోవాళ్లు, అందరికీ పనికొస్తుందనే రాస్తున్నాను.

అసలు భయపడాల్సింది ఏ పురుగుకు

పేగుల్లో పురుగులనగానే అందరికీ ఏలికపాములు, నులిపురుగులు గుర్తొస్తాయి. అవి పిల్లల జబ్బులే, పెద్దవాళ్లకు కాదు అనుకుంటారు. మార్పిడి చేయించుకున్నవాళ్లను ప్రాణం మీదికి తెచ్చేది వాటికంటే చాలా చిన్నది, పేరు స్ట్రాంగిలాయిడిస్ స్టెర్కొరాలిస్. ఆడపురుగు పొడవు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. చిన్నపేగు గోడలో దూరి ఉంటుంది. మగపురుగుతో పనిలేకుండానే గుడ్లు పెడుతుంది. గుడ్లు అక్కడే పగిలి పిల్లలవుతాయి, ఆ పిల్లలు మలంలో బయటికొస్తాయి. నేలలో పడి, ఎదిగి, ఎవరి కాలో చెయ్యో తగిలితే చర్మం తొలుచుకుని లోపలికి పోతాయి. రక్తంలో ఊపిరితిత్తులకు, అక్కడినుంచి గొంతులోకి, మింగితే మళ్లీ పేగులోకి. మొదటి చుట్టు ఇది.

రెండో చుట్టుతోనే చిక్కు. మలంలో బయటపడాల్సిన పిల్లల్లో కొన్ని బయటికి రాకుండా పేగులోనే ఎదిగి, పేగు గోడనో మలద్వారం దగ్గరి చర్మాన్నో తొలుచుకుని మళ్లీ రక్తంలో కలుస్తాయి. ఇంకోసారి మట్టి తగలనక్కరలేదు. పట్టిన పురుగు అదే ఇంట్లో పిల్లల్ని కని, వాటిని పెంచుకుంటూ ఏళ్ల తరబడి కాపురం చేస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో థాయిలాండ్–బర్మా రైలుమార్గం మీద వెట్టిచాకిరీ చేసిన యుద్ధఖైదీల్లో ముప్ఫై ఏళ్లు దాటాక కూడా ఇది బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం దీన్ని మోస్తున్నవాళ్లు 30 కోట్ల నుంచి 60 కోట్ల మంది. వాళ్లలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. అప్పుడప్పుడూ కడుపునొప్పి, దురద, అంతే.

ఒంట్లో రోగనిరోధక శక్తి కాపలా ఉన్నంతకాలం ఈ రెండో చుట్టు అదుపులో ఉంటుంది. కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఆ కాపలానే తగ్గిస్తాం కదా, అందులోనూ ముఖ్యంగా స్టెరాయిడ్‌తో. పురుగులను ఎదిరించే ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలను స్టెరాయిడ్ అణిచేస్తుంది. పురుగు పిల్లలు త్వరగా ఎదగడానికి కూడా అదే సంకేతంలా పనిచేస్తుందేమోనన్న అనుమానం శాస్త్రవేత్తల్లో ఉంది. పదులు వేలవుతాయి. పేగును చిల్లులు పొడుస్తూ, వెంట పేగులోని బాక్టీరియాను మోసుకుంటూ ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకుతాయి. హైపర్ఇన్ఫెక్షన్ అంటే ఇదే. వైద్యం అందకపోతే చాలామంది బతకరు. కోవిడ్ రోజుల్లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఎక్కువగా వాడాల్సి వచ్చినప్పుడు, ముందు ఈ పురుగు సంగతి చూసుకోమని డాక్టర్లు ఒకరినొకరు హెచ్చరించుకున్నదీ ఇందుకే.

కాబట్టి చెయ్యాల్సిన పని స్టెరాయిడ్ మొదలవకముందే చెయ్యాలి. తర్వాత చేస్తే పరీక్షలూ సరిగ్గా పలకవు, మందుకూ వ్యవధి ఉండదు.

డాక్టర్ అడక్కపోయినా చెప్పాల్సినవి

వర్కప్‌లో, అంటే మార్పిడికి ముందు చేసే పరీక్షల్లో, గుండె చూస్తారు, పళ్లు చూస్తారు, టీబీ, హెపటైటిస్ చూస్తారు. పురుగు గురించి అడిగేవాళ్లు కొందరే. మీరే ఒక కాగితం మీద రాసుకెళ్లండి. చిన్నప్పటినుంచీ ఎక్కడెక్కడ ఉన్నారు, చెప్పుల్లేకుండా మట్టిలో, బురదలో తిరిగిన రోజులున్నాయా, వ్యవసాయం, గనులు, మురుగునీటి పని లాంటివి చేశారా, వేడి ప్రాంతాలకు వెళ్లొచ్చారా. "అది నలభై ఏళ్ల కిందటి మాటలెండి" అని కొట్టేయకండి. ఈ పురుగుకు నలభై ఏళ్లు లెక్కలోవి కావు.

పిరుదుల మీదో, తొడల మీదో, నడుము దగ్గరో ఎర్రటి గీతలాంటి దద్దురు వచ్చి, చూస్తుండగానే ముందుకు జరిగిన అనుభవం ఉంటే తప్పక చెప్పండి. పురుగు పిల్ల చర్మం కింద పాకే గీత అది. గంటకు అయిదు నుంచి పది సెంటీమీటర్లు పోతుంది. పెన్నుతో చివర గుర్తు పెట్టి గంటాగి చూస్తే తెలిసిపోతుంది. ఒకాయన పదిహేనేళ్లుగా దాన్ని ఎలర్జీ అనుకుని పూతమందులు రాసుకుంటూ వచ్చాడు.

పాత రక్తపరీక్షలన్నీ బయటికి తీసి ఈసినోఫిల్స్ వరస మీద వేలు పెట్టండి. శాతం ఒక్కటే చూస్తే మోసపోతారు, లెక్క కట్టాలి. తెల్లకణాలు 7,800, ఈసినోఫిల్స్ 11 శాతం అనుకోండి. 7,800ను 11తో గుణించి వందతో భాగిస్తే 858. మామూలుగా 500 దాటకూడదు. డయాలసిస్ చేయించుకునేవాళ్లలో ఆ యంత్రం ఫిల్టర్ ఒంటికి సరిపడకపోయినా ఇది పెరుగుతుంది. అందుకే "డయాలసిస్ వల్లే" అని వదిలేయడం సులువు. నేను పైన చెప్పిన మనిషి ఫైల్లోనూ ఆ మాటే రాసి ఉంది. డయాలసిస్ వల్లే కావచ్చు, కానీ పురుగు లేదని తేలాకే ఆ మాట అనాలి. ఇంకో సంగతి, ఈసినోఫిల్స్ మామూలుగా ఉన్నంత మాత్రాన పురుగు లేనట్టు కాదు. ఉబ్బసానికో, కీళ్లకో, కిడ్నీకో ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతుంటే ఆ అంకె ఎలాగూ పడిపోతుంది.

ఏ పరీక్షలు

రెండు అడగండి. ఒకటి రక్తంలో స్ట్రాంగిలాయిడిస్ యాంటీబాడీ పరీక్ష, అంటే పురుగును ఎదిరించడానికి ఒళ్లు తయారుచేసుకున్న పదార్థాల కోసం వెతకడం. మలం పరీక్ష కంటే ఎక్కువమందిని పట్టేది ఇదే. రక్తం ఎక్కించుకోకముందు, ఇమ్యునోగ్లోబులిన్ (వేరేవాళ్ల రక్తంలోంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించుకోకముందు తీయించుకోండి. లేదంటే వేరేవాళ్ల యాంటీబాడీలు మీ రిపోర్టులోకి వచ్చి కూర్చుంటాయి. ఫైలేరియా లాంటి వేరే పురుగులున్నా ఇది పాజిటివ్ చూపించే అవకాశం ఉంది. రోగనిరోధక శక్తి ఇప్పటికే తగ్గినవాళ్లలో పురుగు ఉన్నా నెగటివ్ రావచ్చు.

రెండోది మలం పరీక్ష. అయితే ఒక్కసారి కాదు, వేరువేరు రోజుల్లో కనీసం మూడుసార్లు, వీలైతే ఇంకా ఎక్కువ. ఈ పురుగు రోజూ ఒకే లెక్కన పిల్లల్ని వదలదు. ఒక రోజు పది, ఇంకో రోజు ఒక్కటీ ఉండదు. స్లైడ్ మీద నేను చూసేది అగ్గిపుల్ల కొసకు అంటినంత మలం. ఒకే శాంపిల్‌తో మామూలు పద్ధతిలో చూస్తే, పురుగు ఉన్నవాళ్లలో కూడా సగం మందికి పైగా తప్పిపోతారు. అందుకే "కనిపించలేదు" అన్న మాటను "లేదు" అని చదవకండి. ఆ చెంచాలో, ఆ రోజు, నా కంటికి కనిపించలేదు, అంతే.

ల్యాబ్‌లో కల్చర్ పద్ధతి ఉందేమో కనుక్కోండి. ఉంటే అదే చేయించండి. అగార్ ప్లేటు మధ్యలో కాస్త మలం పెట్టి, అంచు చుట్టూ టేపు వేసి, వెచ్చగా రెండు రోజులు, ఒక్కోసారి అయిదారు రోజులు ఉంచుతాం. పిల్లలుంటే బయటికి పాకుతాయి, మొదట్లో చెప్పిన చుక్కల దారి తయారవుతుంది. బేర్మాన్ గరాటు అని ఇంకో పాత పద్ధతి ఉంది. గరాటులో గోరువెచ్చటి నీళ్లు పోసి, గాజుగుడ్డలో మూటగట్టిన మలాన్ని పైన ఆనిస్తాం. వెచ్చదనానికి పిల్లలు గుడ్డలోంచి నీళ్లలోకి దిగి, ఈదలేక అడుక్కి జారతాయి. కింద గొట్టం విప్పితే వచ్చే నాలుగు చుక్కల్లో అన్నీ దొరుకుతాయి. నాకు ఇదంటేనే ఇష్టం, ఎందుకంటే ఇందులో వెతుకులాట పురుగే చేస్తుంది.

డబ్బా ఎలా నింపాలి

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, నా బల్ల మీదికొచ్చే శాంపిళ్లలో సగం ఇక్కడే పాడవుతాయి.

ముందు మూత్రానికి వెళ్లి రండి, రెండూ కలవకూడదు. కమోడ్ మీద అడ్డంగా ప్లాస్టిక్ కవరో, పాత పేపరో వేసి దాని మీద వెళ్లండి. కమోడ్ నీళ్లు తగిలితే శాంపిల్ పాడవుతుంది. పైగా ఆ నీళ్లలో స్వతంత్రంగా బతికే వేరే పురుగులుంటే మేమే పొరబడతాం. ల్యాబ్ ఇచ్చిన పొడి డబ్బాలోకి, దాంతో వచ్చిన గరిటెతో రెండు మూడు చెంచాలంత తీయండి. జిగటగా, రక్తపు చారలతో ఉన్న భాగం కనిపిస్తే అది తప్పకుండా రావాలి. డబ్బా అంచు దాకా నింపకండి. మూత తియ్యగానే ఎగజిమ్మితే మా మొహాల మీద పడుతుంది. పడింది కూడా.

మూత బిగించి, మూత మీద కాదు, డబ్బా మీద పేరు, తేదీ, ఎన్ని గంటలకు తీశారో రాయండి. మూతలు మారిపోతాయి. ఆ తర్వాత మీ చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. ఈ మలంలో చర్మం తొలిచే పిల్లలు ఉండొచ్చు కాబట్టి ఇంట్లో ఇంకొకరు తీసిపెడుతుంటే వాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి.

ఫ్రిజ్‌లో పెట్టొద్దు. మిగతా చాలా శాంపిళ్లకు ఫ్రిజ్ మంచిదే. వీటికి కాదు, చల్లదనానికి పిల్లలు కదలడం మానేస్తాయి, చస్తాయి. కదలని పిల్ల ప్లేటు మీద దారి గీయదు, గరాటులో దిగదు. అలాగని ఎండలో బండి డిక్కీలో పెట్టీ తేకండి. మామూలు గది వేడిలో, తీసిన కొన్ని గంటల్లోనే అందించండి. ల్యాబ్ రెండు డబ్బాలిచ్చి ఒకదాంట్లో ముందే మందునీళ్లు పోసి ఉంటే అందులో కొంత, ఖాళీ డబ్బాలో కొంత వెయ్యండి. మందునీళ్లలో పురుగు చచ్చి నిలవుంటుంది, అది మైక్రోస్కోపు కోసం. కల్చర్‌కు బతికున్నదే కావాలి.

మర్నాటి దాకా ఉంచి తెస్తే ఇంకో తంటా. కొంకిపురుగు గుడ్లు డబ్బాలోనే పగిలి పిల్లలవుతాయి. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. నోటి దగ్గర గొట్టం పొట్టిగా ఉంటే స్ట్రాంగిలాయిడిస్, పొడుగ్గా ఉంటే కొంకిపురుగు. ఆ తేడా చూడాలంటే అయోడిన్ చుక్క వేసి, కదలిక ఆగాక, నలభై పవర్‌లో ఊపిరి బిగబట్టి చూడాలి. తాజా శాంపిల్ అయితే ఈ పేచీయే ఉండదు.

పొట్ట ఎక్స్‌రే కోసం బేరియం తాగితే వారం పది రోజుల పాటు మలం పరీక్ష దండగ. యాంటీబయోటిక్, నూనె మందులు వాడుతున్నా ముందే చెప్పండి.

పాజిటివ్ వస్తే

ముందు ఊపిరి పీల్చుకోండి. ఆపరేషన్‌కు ముందు దొరికిన పురుగు అదృష్టం కిందే లెక్క. మందుంది, నోటి మాత్రే. పేరు ఐవర్‌మెక్టిన్. మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు ఇది. దీన్ని తెచ్చిన సతోషి ఒమురా, విలియమ్ క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. మట్టి పురుగుకు మట్టిలోంచే విరుగుడు దొరికిందని తెలిసిన రోజున నాకు భలే సరదా వేసింది. సాధారణంగా కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల లెక్కన ఒకటి రెండు రోజులు ఇస్తారు. మార్పిడి చేయించుకోబోయేవాళ్లకు రెండు వారాలాగి మళ్లీ ఇవ్వడం మామూలే. మీ విషయంలో ఎంత, ఎన్నిసార్లు అన్నది మీ డాక్టర్ మాటే ప్రమాణం.

"నేను నులిపురుగుల మాత్ర వేసుకున్నానండీ" అని చాలామంది ధీమాగా చెబుతారు. అది ఆల్బెండజోల్, ఒక్క మాత్ర. ఏలికపాములకు సరిపోతుంది. స్ట్రాంగిలాయిడిస్‌ను ఒక్క మాత్ర పీకలేదు. ఐవర్‌మెక్టిన్ ఇవ్వడానికి వీల్లేనప్పుడు ఆల్బెండజోల్‌నే రోజుకు రెండుసార్లు వారం పాటు ఇస్తారు, అయినా దానంత బాగా పనిచేయదు. ఇది తెల్లకణాలను తగ్గించే మందు కూడా. మార్పిడి తర్వాత వాడే మైకోఫెనొలేట్, అజాథయోప్రిన్ కూడా అదే పని చేస్తాయి. కలిస్తే రక్తపరీక్షలు దగ్గరదగ్గరగా చేయించాలి.

పశువుల మందు తెచ్చుకుని సొంతంగా వేసుకోకండి. కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వాడుతుంటే ఏ కొత్త మందైనా డాక్టర్‌కు చెప్పాకే. మధ్య, పశ్చిమ ఆఫ్రికాలో ఉండి వచ్చినవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. అక్కడి లోవా లోవా పురుగు రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్లకు ఐవర్‌మెక్టిన్ ఇస్తే మెదడుకు ప్రమాదం. సైక్లోస్పోరిన్‌కు ఈ పురుగును కొంత అణిచే గుణం ఉంది, నిజమే. దాన్ని నమ్ముకుని మాత్రం కూర్చోలేం.

మరణించిన దాత నుంచి అవయవం దొరికిందని అర్ధరాత్రి ఫోన్ వస్తుంది, మీ రిపోర్టు ఇంకా రాలేదు. అప్పుడేం చేస్తారో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. పురుగు ఉండే అవకాశం ఉన్నవాళ్లకు రిపోర్టుతో పనిలేకుండా ఐవర్‌మెక్టిన్ ముందే ఇచ్చేసే పద్ధతి ఉంది.

మందు వేసుకున్నాక "పోయిందా?" అని మరుసటి వారమే యాంటీబాడీ పరీక్షకు రావద్దు. అవి ఆరు నెలలు, ఏడాది పట్టి నెమ్మదిగా దిగుతాయి. అప్పుడు చూసి పోల్చుకోవాలి కాబట్టి మొదటి రిపోర్టును జాగ్రత్తగా దాచండి. మలం మాత్రం మళ్లీమళ్లీ చూపించుకోవాల్సిందే.

దాత సంగతి

పురుగు మీలోనే ఉండాలని లేదు, ఇచ్చిన అవయవంతో పాటే రావచ్చు. జీవితంలో మట్టి తొక్కనివాళ్లకు కూడా అలా వచ్చిన ఉదంతాలున్నాయి. ఇంట్లోవాళ్లే దాతలైతే మీకు చెప్పిన పరీక్షలన్నీ వాళ్లకూ చేయించండి, పాజిటివ్ వస్తే వాళ్లకు ముందు మందు. కిడ్నీ ఇచ్చే అన్నయ్యను "నీకు పురుగులున్నాయేమో" అనడానికి మొహమాటపడేవాళ్లను చూశాను. పరీక్ష కాగితంలో రాసేది డాక్టరే కాబట్టి ఆ మొహమాటం డాక్టర్ మీదికి తోసేయండి.

మరణించిన దాత అయితే "దాతకు స్ట్రాంగిలాయిడిస్ పరీక్ష చేశారా, చేయకపోతే దాచిన రక్తంలో ఇప్పుడు చేయొచ్చా" అని అడగండి. ఒకే దాత అవయవాలు ముగ్గురు నలుగురికి వెళ్తాయి. ఒకరిలో పురుగు బయటపడితే మిగతావాళ్ల డాక్టర్లకు ఆ కబురు వెంటనే అందాలి.

ఆపరేషన్ తర్వాత

మొదటి మూడు నెలలు ఎక్కువ జాగ్రత్త. ఆ తర్వాత కూడా, అవయవాన్ని ఒళ్లు తిప్పికొడుతోందని పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఇచ్చిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఈ జబ్బుకు తనదంటూ మొహం లేదు. విరేచనాలైతే మైకోఫెనొలేట్ వల్ల అనుకుంటారు. పొట్ట ఉబ్బి, వాంతులై, పేగు కదలకపోతే ఆపరేషన్ తాలూకు అనుకుంటారు. పిల్లికూతలతో దగ్గు వస్తే ఉబ్బసం అనుకుని ఇంకాస్త స్టెరాయిడ్ ఇస్తారు. నిప్పులో నెయ్యి పోసినట్టే. కఫంలో రక్తం, బొడ్డు చుట్టూ వేలిముద్రల్లాంటి ఊదారంగు మచ్చలు, పాకే దద్దురు, ఇవి కనిపిస్తే ఆగకూడదు. రక్తంలోనో, వెన్ను నీటిలోనో ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి పేగు బాక్టీరియా ఎందుకొచ్చిందో తెలియకుండా దొరికినా, మందిచ్చాక మళ్లీ వచ్చినా, వాటిని అక్కడికి మోసుకొచ్చింది ఎవరని అడగాలి.

అడిగే మాట ఇది: "స్ట్రాంగిలాయిడిస్ కోసం కఫమూ మలమూ తాజాగా చూడమని ల్యాబ్‌కు రాస్తారా?" ఆ పేరు చీటీ మీద ఉంటే మేం వెతికే తీరే వేరు. కఫం చీటీలో "టీబీ కోసం" అని మాత్రమే రాసి ఉంటే టీబీ రంగు వేసి, టీబీ క్రిముల కోసమే చూస్తాం. ఈసినోఫిల్స్ సున్నా ఉన్నాయి కాబట్టి పురుగు కాదు అని ఎవరైనా అంటే, స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లలో అది లెక్కకు రాదని గుర్తుచేయండి.

హైపర్ఇన్ఫెక్షన్ తేలితే ఐవర్‌మెక్టిన్ రోజూ ఇస్తారు, మలం, కఫం వరసగా రెండు వారాలు శుభ్రంగా వచ్చేదాకా. పేగు పనిచేయక మాత్ర ఒంటికి పట్టనప్పుడు, ప్రత్యేక అనుమతితో చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇచ్చిన సందర్భాలున్నాయి. స్టెరాయిడ్‌ను వీలైనంత తగ్గిస్తారు, కానీ ఆ పని డాక్టర్‌ది. భయపడి మీ అంతట మీరు ఆపేస్తే అవయవం పోవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. ఆ రోజుల్లో రోగి మలం, కఫం ముట్టుకునేవాళ్లందరికీ గ్లవ్స్ ఉండాల్సిందే.

మిగతా పురుగులు, క్లుప్తంగా

ఏలికపాములు, కొంకిపురుగులు, బద్దెపురుగులు మార్పిడి వల్ల ఇలా విజృంభించవు. అయినా కొంకిపురుగు రక్తం తాగి రక్తహీనత తెస్తుంది, ఏలికపాము కాలేయం మార్చినవాళ్ల పైత్యనాళంలోకి ఎక్కితే పెద్ద గొడవ. మందులు సులువు, తీసేయించుకోండి. పంది బద్దెపురుగు తిత్తులు మెదడులో ఉంటే మూర్ఛ వస్తుంది. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే వర్కప్‌లో చెప్పాలి, ఎందుకంటే తలలో తిత్తి ఉన్నప్పుడు పురుగు మందు వేసుకుంటే వాపు పెరగొచ్చు. నత్తలున్న మంచినీళ్లలో దిగితే చర్మంలోంచి ఎక్కే షిస్టోసోమా ఆఫ్రికా లాంటి చోట్ల ఎక్కువ. మూత్రనాళాన్ని, మూత్రాశయాన్ని పాడుచేస్తుంది కాబట్టి కిడ్నీ వాళ్లకు ముఖ్యం. దీనికి ప్రాజిక్వాంటెల్ ఉంది. పచ్చి మంచినీటి చేపలతో వచ్చే కాలేయపు పురుగులు దాత కాలేయంలోనే రావచ్చు. అల్వియోలార్ ఎకినోకాకస్ అనే ఒక పురుగు కాలేయాన్ని ఎంతగా తినేస్తుందంటే, దానికే కాలేయ మార్పిడి చేయాల్సిన పరిస్థితి వస్తుంది. అక్కడ కథ తలకిందులు.

ఇంటి జాగ్రత్తలు మీకు తెలిసినవే. మట్టి మీద చెప్పుల్లేకుండా నడవొద్దు, మొక్కల పని చేస్తే బూట్లు, గ్లవ్స్ వేసుకోవాలి, కుక్క మలం మీరు ఎత్తకండి (కుక్కలకూ ఈ పురుగు ఉంటుంది), నీళ్లు కాచి తాగండి, చేప, మాంసం పచ్చిగా వద్దు. వీటివల్ల కొత్త పురుగు రాదు, ఉన్నది మాత్రం పోదు.

చివరగా ఒక్క మాట. మా ల్యాబ్‌లోనైతే కల్చర్ శాంపిల్ శనివారం మధ్యాహ్నం తేకండి. ఆ ప్లేటును రోజూ తీసి చూడాలి, ఆదివారం చూసే మనిషి ఉండడు. సోమవారం పొద్దున్నే, తీసిన గంట రాసి, వెచ్చగా తెచ్చి నా చేతికివ్వండి. కిటికీ దగ్గర పెట్టి వెళ్లిపోవద్దు. అక్కడ పెట్టినవాటిని ఎవరో ఒకరు మంచి మనసుతో ఫ్రిజ్‌లో సర్దేస్తారు.